తొలి భారత వైమానిక సేనాని: సుబ్రతో ముఖర్జీ

రెండు మహాసంగ్రామముల నడిమికాలము విమానయానమునకు యౌవనకాలము. మొదటి యుద్ధమున కఱ్ఱతోను గుడ్డతోను కట్టిన విమానములు రెండవ యుద్ధము నాటికి లోహశరీరములు దాల్చి మూడింతల వేగముతో పరుగిడసాగెను. ఆ ఇరువది సంవత్సరములలో పాశ్చాత్యదేశము లన్నియు తమ వైమానికబలములను పెంపొందించుకొనుచుండగా, భారతదేశమునకు తనదని చెప్పుకొనదగిన వైమానికదళము చాలకాలము లేకపోయెను. భారతీయుడు విమానము నడుపగలడా, నడిపినను దళమునకు నాయకత్వము వహింపగలడా యను సందేహము పాలకుల మనస్సులలో గట్టిగా నాటుకొనియుండెను. ఆ సందేహమునకు తన కొలువునే సమాధానముగా నిలిపిన పురుషుడు సుబ్రతో ముఖర్జీ.

ఆయన 1911 మార్చి 5వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి సతీశచంద్ర ముఖర్జీ ఐ.సి.యస్. ఉద్యోగి. తల్లి చారులత, ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన తొలితరము స్త్రీలలో ఒకతె. ఆమె తండ్రి డాక్టరు ప్రసన్నకుమార రాయ్ ఆ కళాశాలకే మొదటి భారతీయ ప్రిన్సిపాలుగా పనిచేసిన విద్వాంసుడు. బ్రహ్మసమాజ సంస్కారము, ఆంగ్లవిద్య, ప్రభుత్వోద్యోగ మర్యాద యను మూడును కలిసిన ఇల్లది. నలుగురు బిడ్డలలో సుబ్రతో కడసారివాడు. అక్క రేణుకా రాయ్ యౌవనముననే గాంధీమహాత్ముని ఉద్యమమున ప్రవేశించి, తరువాత రాజ్యాంగసభ సభ్యురాలై, పశ్చిమ బెంగాలు మంత్రిణియు అయ్యెను. ఒకే తల్లిబిడ్డలలో ఒకరు పరప్రభుత్వమును ప్రతిఘటించు మార్గమును, మఱొకరు ఆ ప్రభుత్వపు సేనలో చేరి భారతీయుని స్థానమును నిలుపు మార్గమును పట్టుట ఆనాటి విద్యావంతుల కుటుంబములలో వింత కాదు.

తండ్రి ఉద్యోగరీత్యా జిల్లాలు మారుచుండుటచే బాలుని చదువు బెంగాలులోని పలు పాఠశాలలలో సాగెను. హౌరా, వీరభూము జిల్లా పాఠశాలలలో చదివి, కొంతకాలము ప్రెసిడెన్సీ కళాశాలలో గడపిన పిమ్మట ఆయన ఇంగ్లండు చేరెను. అన్నిటికంటె ఆయన దృష్టి ఆకాశముపైననే నిలిచియుండెను. కలకత్తాకే చెందిన ఇంద్రలాల్ రాయ్ 1918 జులైలో ఫ్రాన్సు గగనతలమున పదిమంది శత్రువులను జయించి, పందొమ్మిదవ యేటనే వీరమరణము నొందియుండెను. ఆ యుద్ధములో విమానములు నడిపిన భారతీయులు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే. వారి ధైర్యసాహసములను ప్రభుత్వము మెచ్చి బిరుదులిచ్చెను గాని, యుద్ధము ముగిసిన వెంటనే ఆ ద్వారమును తిరిగి మూసివేసెను. అదే 1918లో హైదరాబాదు నిజాము ఇచ్చిన ద్రవ్యముతో బ్రిటిషువారి నూటపదవ స్క్వాడ్రనుకు విమానములు సమకూడి, ఆ దళమునకు హైదరాబాదు పేరు వచ్చెను. భారతీయుని ధనమునకు ఆకాశమున చోటు దొరకెను. భారతీయునకు మాత్రము దొరకలేదు.

ఈ పరిస్థితిని మార్చవలెనని కేంద్ర శాసనసభలో నాయకులు పలుమారు పట్టుపట్టిరి. తత్ఫలితముగా 1925లో సర్ ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడెను. సైన్యమునందు భారతీయులకు ఉన్నతపదవు లిచ్చుట యెట్లని విచారించుట దాని పని. మోతీలాల్ నెహ్రూ, మహమ్మదాలీ జిన్నాలు అందు సభ్యులుగా నియమితులైరి. మోతీలాల్ తరువాత వైదొలగెను. ఆ సంఘము నివేదిక 1927లో వెలువడెను. భారతీయ యువకులను క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో చేర్చుకొనవలెననుట దాని సిఫారసులలో నొకటి. బ్రిటిషు వైమానికదళమువారికి ఇందొక చిక్కు కన్పట్టెను. భారతీయుడు అధికారియైనచో తెల్లజాతి మెకానికులు, సిపాయిలు అతని ఆజ్ఞను పాలింపవలసియుండును. దానికి వారు సమ్మతింపరైరి. కావున అధికారి మొదలు అట్టడుగు సిపాయివఱకు భారతీయులే యుండు ప్రత్యేకదళము నొకదానిని స్థాపించుటకు నిశ్చయము జరిగెను. వర్ణభేదము నుండి పుట్టిన ఈ యేర్పాటే కాలక్రమమున స్వతంత్ర భారత వైమానికదళమునకు పునాది యగుట చరిత్రలోని విచిత్రము.

1930వ సంవత్సరమున ఒకప్రక్క దండి తీరమున ఉప్పుసత్యాగ్రహము జరిగి దేశమంతయు ఉడుకుచుండెను. అదే సంవత్సరమున ఆరుగురు భారతీయ యువకులు ఇంగ్లండులోని లింకన్‌షైరు సీమయందున్న క్రాన్‌వెల్ కళాశాలలో అడుగిడిరి. హరీశచంద్ర సర్కార్, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్రసింగ్, ఐజాద్ బక్ష్ అవాన్, అమర్జీత్ సింగ్, జె.యన్. టాండన్ అను వారే ఆ యారుగురు. రెండు సంవత్సరముల కఠినశిక్షణమున విమానము నడుపుట, యంత్రశాస్త్రము, వాతావరణశాస్త్రము, దండనీతి మున్నగునవి నేర్వవలసియుండెను. టాండన్ పొట్టివా డగుటచే విమాన చోదకుడు కాజాలక సామగ్రివిభాగమున నియుక్తుడయ్యెను. తక్కిన అయిదుగురు చోదకులైరి. పిమ్మట భూసైన్యముతో కలిసి పనిచేయు పద్ధతులను వారు ఓల్డ్ సారమ్ అను చోట అభ్యసించిరి.

1932 అక్టోబరు 8వ తేదీన భారత వైమానికదళ చట్టము అమలులోనికి వచ్చెను. ఆ దినముననే ముఖర్జీయు ఆయన సహచరులును అధికారులుగా నియమితులైరి. సరిగా వారము దినములు గడచిన పిమ్మట, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ సమీపమందలి డ్రిగ్‌రోడ్డు విమానాశ్రయమునుండి తపాలసంచులతో చిన్న విమానమును బొంబాయికి నడిపి, దేశీయ పౌరవిమానయానమునకు శ్రీకారము చుట్టెను. పౌరవిమానమును సైనికవిమానమును ఒకే మాసమున భారతీయుల చేతికి వచ్చినవని చెప్పవచ్చును.

డ్రిగ్‌రోడ్డులోనే 1933 ఏప్రిల్ 1వ తేదీన మొదటి స్క్వాడ్రను అవతరించెను. స్క్వాడ్రనన్న మాటయే గాని, నిజమునకు అది ఒక చిన్న విభాగము మాత్రమే. నాలుగు వాపిటి విమానములు, అయిదుగురు భారతీయ చోదకులు, ఇరువదిమందికి అటునిటుగా హవాయి సిపాయిలు. ఇదియే ఆనాటి భారత వైమానికదళము. అధిపతి సెసిల్ బౌషియర్ అను బ్రిటిషు అధికారి. వాపిటి రెండు జతల రెక్కలు గల, ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన పాతకాలపు విమానము. కూర్చుండు చోటికి పైకప్పు లేదు. వేసవిలో ఎడారి యిసుకయు, శీతకాలమున కొండగాలియు చోదకుని ముఖమును నేరుగా కొట్టుచుండెను. వెనుక కూర్చున్నవాడు తుపాకి పేల్చుటయు, ఫోటోలు తీయుటయు, సంకేతములు పంపుటయు చేయవలెను. రెండు కంబముల నడుమ కట్టిన త్రాటికి వ్రేలాడు లేఖను, విమానమునుండి దిగు కొక్కెముతో నేల తాకకుండ తగిలించుకొని పైకెగయుట వారి నిత్యాభ్యాసములలో నొకటి. రేడియో సాధనములు చాలని ఆ కాలమున భూసైన్యమునకును విమానమునకును వార్తలు నడుపుటకు అట్టి ఉపాయములే ఆధారము.

హవాయి సిపాయిలు విమానయంత్రములను విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించు పనివారు. వారిలో పెక్కురు చదువుకొన్న యువకులు. చేతికి నూనె అంటు పనిని చదువుకొన్నవాడు నీచముగా చూచు సమాజమున వారు ఆ పనిని గౌరవముగ స్వీకరించిరి. చోదకుని ప్రాణము మెకానికు బిగించిన మేకుపై నాధారపడియుండును గనుక, ఆ చిన్న దళమున అధికారికిని సిపాయికిని నడుమ దూరము తగ్గి, ఒకరిపై నొకరికి నమ్మకము హెచ్చెను. ముఖర్జీ జీవితాంతము ఆ మొదటి సిపాయిలను స్నేహభావముతో చూచుచుండెను.

ఆరంభమునకు దెబ్బయు తప్పలేదు. 1933లోనే భూపేంద్రసింగ్, అమర్జీత్ సింగ్ ప్రయాణించు వాపిటి కూలిపోయి ఇరువురును మరణించిరి. మఱొక దుర్ఘటన పర్యవసానముగ సర్కార్ 1935లో కొలువు వీడవలసి వచ్చెను. మూడు సంవత్సరములు నిండకమునుపే అయిదుగురు చోదకులలో ముగ్గురు లేకపోయిరి. ఈ ప్రయోగము విఫలమగునని ముందే తలపోసినవారికి ఇంతకంటె బలమగు ఆధార మక్కరలేదు. అట్టి సమయమున ముఖర్జీ నిలకడగా పని చేయుచుండెను. అద్భుత విన్యాసములు చేసి పేరొందిన చోదకుడు గాడు. ప్రతిదినము విమానమెక్కి, ఒప్పగించిన పనిని ముగించి, యంత్రమును మనుష్యుని క్షేమముగ తిరిగి తెచ్చు అధికారి. క్రొత్తదళమునకు అప్పుడు కావలసిన గుణమదియే. ఈలోగా క్రాన్‌వెల్ నుండి క్రొత్తవారు వచ్చి చేరసాగిరి. ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగ విమానము నడిపి 1930లో ఆగాఖాన్ బహుమతి గెలిచిన ఆస్పీ ఇంజనీరు, కరుణకృష్ణ మజుందార్, మెహర్ సింగ్ మున్నగువారి రాకతో దళమునకు జవసత్త్వములు కలిగెను. 1938లో అర్జన్ సింగ్ అధికారియై ఈ వరుసలో చేరెను. వీరందఱికంటె ముఖర్జీ పెద్ద. వీరందఱును ఆయన నడవడిని చూచి నేర్చుకొన్నవారే.

స్క్వాడ్రనుకు అసలు పరీక్ష వాయవ్య సరిహద్దున నెదురయ్యెను. వజీరిస్థాన్ కొండసీమలో ఇపీ ఫకీరుగ ప్రసిద్ధుడైన మీర్జా అలీఖాన్ 1936 చివర తిరుగుబాటు లేవదీసెను. మరుసటి సంవత్సరము బ్రిటిషు ప్రభుత్వము పెద్దసేనను ఆ కొండలకు నడిపెను. ముఖర్జీ దళమువారు పెషావరు నుండియు మీరాన్‌షా కోట నుండియు విమానములు నడుపుచు శత్రువుల జాడ తీయుట, ఫోటోలు తీయుట, లోయలలో నడుచు సైన్యమునకు కావలికాయుట మున్నగు పనులు చేసిరి. ఆ కొండలలో ఇంజను ఆగిపోయిన చోదకునకు దిగుటకు చదునైన చోటు దొరకదు. దిగినను ప్రతీకారము తప్పదను భయ మొకటి. అందుకే చోదకులు తమ్ము క్షేమముగ అప్పగించినవారికి ద్రవ్యమిత్తుమని స్థానికభాషలో వ్రాసిన చీటీని వెంట నుంచుకొనుచుండిరి. దానిని గూలీ చీటీ యందురు.

ఈ సరిహద్దు యుద్ధములనుగూర్చి దేశమున ఏకాభిప్రాయము లేకుండెను. బాంబులు వేయుటకు ముందు హెచ్చరిక కాగితములు జారవిడుచు పద్ధతి యున్నను, గ్రామములపై దాడి చేయుటను పలువురు నాయకులు బహిరంగముగ ఖండించిరి. పరపాలనమునకు లోబడిన భారతీయ అధికారి, ఆ పాలనమునే ఎదిరించు మఱొక జనముపై విమానము నడుపవలసిన సంకటము ఆనాటి సైనికు లందఱికిని తప్పనిది. ముఖర్జీ వంటి వారు తమ కర్తవ్యమును ఒక లక్ష్యముతో ముడివేసికొనియుండిరి. ఈ దళము నిలిచిననే రేపు దేశమునకు తన వైమానికబలము మిగులును; ఇది చెడిన భారతీయులు అయోగ్యులని నిర్ధారణ యగును. ఆ లక్ష్యమునకు వారు చెల్లించిన మూల్యమును కూడ గుర్తుంచుకొనుట న్యాయము.

దళము క్రమముగ పెరిగి 1938లో మూడు విభాగములును పూర్తియై నిజమైన స్క్వాడ్రను స్వరూపము వహించెను. 1939 మార్చి 16వ తేదీన ముఖర్జీ దానికి అధిపతి యయ్యెను. ఒక స్క్వాడ్రనుకు నాయకత్వము వహించిన మొదటి భారతీయు డాయనయే. అప్పుడాయన వయస్సు ఇరువది యెనిమిది. క్రాన్‌వెల్‌లో అడుగిడి ఇంకను తొమ్మిది సంవత్సరములు నిండలేదు. ఆ కొద్దికాలమున భారతీయుడు విమానము నడుపగలడా యను ప్రశ్నయే అంతరించెను. నాయకత్వమునుగూర్చిన ప్రశ్నకును ఆ దినమున తొలిసమాధానము లభించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమగునప్పటికి యావద్భారత వైమానికదళము 16 మంది అధికారులు, 144 మంది సిపాయిలు మాత్రమే. ఉన్నది ఒక్క స్క్వాడ్రను. దాని అధిపతి ముఖర్జీ.

ఆయన స్వభావమును వెల్లడించు సంఘటన యొకటి 1940 ఆగస్టులో వజీరిస్థానమున జరిగెను. కొండమీది కావలిస్థావర మొకదానిని తెగలవారు చుట్టుముట్టిరి. లోపలివారి తూటాలు అయిపోవచ్చెను. పైన తిరుగుచున్న ముఖర్జీకి వారు నేలపై పఱచిన సంకేతములచే తమ దుస్థితిని తెలిపిరి. తూటాలు వేఱొక చోటినుండి తెచ్చునంత వ్యవధి లేదు. ముఖర్జీయు, వెనుక కూర్చున్న కర్తార్ సింగ్ అను హవాయి సిపాయియు ఒక ఉపాయము పన్నిరి. విమానపు తుపాకిలోని తూటాలను ఊడదీసి, తమ మేజోళ్లలో నింపి, శత్రువుల కాల్పులనడుమ మిక్కిలి క్రిందుగ ఎగురుచు వానిని కావలిస్థావరముపై జారవిడిచిరి. తమ్ముతాము రక్షించుకొను సాధనమునే ఇతరుల కిచ్చివేసిన సాహసమది. సహాయము వచ్చువఱకు ఆ స్థావరము నిలిచెను. ఈ కార్యమునకు గాను యుద్ధనివేదికలలో ఆయన పేరు ప్రశంసాపూర్వకముగ పేర్కొనబడెను.

1939వ సంవత్సరము ఆయన గృహజీవితమునకును ప్రారంభము. మహారాష్ట్ర కుటుంబమునకు చెందిన శారదా పండిత్‌ను ఆయన వివాహమాడెను. ఆమె విజయలక్ష్మీ పండిత్ భర్తయగు రంజిత్ పండిత్ బంధువర్గములోనిది. బెంగాలీ, మహారాష్ట్ర సంస్కారములు రెండును కలిసిన ఆ యింట సైనికమర్యాదకు తోడు సాహిత్యసంగీతముల అభిరుచియు చోటుచేసికొనెను. ఊరూరికి మారు ఉద్యోగి భార్యకు కలుగు కష్టసుఖములను శారదాదేవి నిండుగ ననుభవించెను. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు వాని రుచి క్రొత్త కాదు.

1941లో ఆయన స్క్వాడ్రను బాధ్యతను మజుందార్‌కు అప్పగించెను. మజుందార్ ఆ దళమునే 1942లో బర్మా రణరంగమునకు నడిపి కీర్తి గడించెను. ముఖర్జీకి యుద్ధరంగమున కంటె కార్యాలయమున, శిక్షణమున, స్థావర నిర్వహణమున ఎక్కువ పని పడెను. 1943లో కోహాట్ వైమానిక స్థావరమునకు ఆయన అధిపతి యయ్యెను. బ్రిటిషు వైమానిక స్థావరమునకు ఒక భారతీయుడు అధిపతి యగుట అదియే మొదలు. ఏ కారణముచే పది సంవత్సరములకు పూర్వము భారతీయులకు వేఱు దళము నేర్పాటు చేసిరో, ఆ కారణము అచట కూలిపోయెను. తెల్లవారును ఆయన ఆజ్ఞను పాలించిరి. అధికారము వచ్చినంతనే అహంకారము చూపక, అతిమృదువుగ మాటలాడు ఆయన స్వభావమే ఇట్టి సున్నితమైన స్థితిలో ఆయనకు తోడ్పడెను. 1945లో ఓ.బి.ఇ. బిరుదు ఆయనకు లభించెను. యుద్ధాంతమునకు భారత వైమానికదళము తొమ్మిది స్క్వాడ్రనులుగ విస్తరించియుండెను.

1947లో స్వాతంత్ర్యముతోపాటు విభజన వచ్చెను. పదునాలుగేండ్లుగ ఒకే పాకశాలలో భుజించి, ఒకే విమానములో ఎగిరిన మిత్రులు రెండు దేశములవారైరి. విమానములు, యంత్రములు, స్థావరములు, మనుష్యులు అన్నియు లెక్కగట్టి పంచవలసివచ్చెను. శిక్షణకేంద్రములును, స్థిరపడిన పెద్ద స్థావరములును సరిహద్దునకు ఆవలనే ఎక్కువగ మిగిలెను. ముఖర్జీ జీవితమునకు తొలిమెట్టయిన డ్రిగ్‌రోడ్డు, పెషావరు, కోహాట్ లన్నియు పరదేశమునందు చేరెను. తన యౌవనము గడచిన నేల నంతటిని వదలుకొని, మిగిలినదానితో క్రొత్తదళమును నిర్మింపవలసిన భారము ఆయనపై పడెను. ప్రధానాధికారి బ్రిటిషువాడైన సర్ థామస్ ఎల్మ్‌హర్స్ట్. ఆయనకు తోడుగ నిలిచిన భారతీయాధికారులలో అగ్రగణ్యుడు ముఖర్జీ. కార్యాలయము నందలి బల్లలు కూడ సర్దుకొనకమునుపే, 1947 అక్టోబరు 27న శ్రీనగరమునకు సైన్యమును డకోటా విమానములలో చేర్పవలసివచ్చెను. తరువాతి సంవత్సరమున మెహర్ సింగ్ హిమశిఖరములను దాటి లేహ్‌లో విమానము దింపెను. ఆ దళము పసిదైనను దేశరక్షణ భారము మోయగలదని అప్పుడే తేటపడెను.

భూసైన్యమునకు 1949 జనవరిలోనే జనరల్ కరియప్ప రూపమున భారతీయ సేనాపతి లభించెను. వైమానికదళమున మాత్రము మఱి అయిదేండ్లు బ్రిటిషు అధిపతులే కొనసాగిరి. ఎల్మ్‌హర్స్ట్ తరువాత ఐవ్‌లా చాప్‌మన్, ఆ పిమ్మట గిబ్స్ ఆ పదవి నిర్వహించిరి. భారతీయాధికారులలో అగ్రస్థానముననున్న ముఖర్జీ ఆ జాప్యమునకు విచారింపలేదు, తొందరపడనూ లేదు. దళము పదునైదేండ్లది మాత్రమే; జెట్ విమానముల కాలము ముంచుకొనివచ్చుచున్నది; పెద్దదళములను నడుపు అనుభవము భారతీయులకు ఇంకను చాలదని ఆయన ఎఱుగును. తనకు రావలసిన పదవిని కొంతకాలము వాయిదావేయుటచే సంస్థ బలపడునన్న నమ్మిక గలవాడాయన. 1952లో లండనులోని ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీలో ఉన్నతశిక్షణము పొంది తిరిగి వచ్చెను.

1954 ఏప్రిల్ 1వ తేదీన ఎయిర్ మార్షల్ ముఖర్జీ భారత వైమానికదళమునకు ప్రథమ భారతీయ అధిపతి యయ్యెను. సరిగా ఇరువదియొక్క సంవత్సరములకు పూర్వము అదే దినమున నాలుగు వాపిటి విమానములతో ఆరంభమైన దళమది. ఆ రోజుననే రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ దళమునకు పతాకమును బహూకరించెను. ఒక సంస్థ పుట్టిననాడు అడుగున చేరి, దాని శిఖరమునకు తానే తొలివాడుగ చేరుట చాల అరుదైన విషయము. 1955లో ఆ పదవికి చీఫ్ ఆఫ్ ది ఎయిర్ స్టాఫ్ అను పేరు వచ్చెను. నౌకాదళమునకు తొలి భారతీయ అధిపతి రాందాస్ కటారి 1958లో నియమితుడగుటతో త్రివిధదళముల నాయకత్వమును భారతీయుల చేతికి వచ్చెను.

ఆయన అధికారకాలమున వైమానికదళము రూపురేఖలు మారిపోయెను. తూఫానీ యని మనవారు పేరిడిన ఫ్రెంచి జెట్ విమానములకు తోడు మిస్టీర్, హంటర్, కాన్‌బెర్రా, నాట్ విమానములు దళమున చేరెను. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారమున స్వదేశీయ జెట్‌విమాన నిర్మాణమునకు కృషి ఆరంభమయ్యెను. మారుత్ అను పేరుగల ఆ విమానము ఆయన మరణానంతరము 1961 జూన్‌లో తొలిసారి గగనమున కెగసెను. క్రొత్త విమానములు కొనుట సులభము. వానిని నడుపువారిని, బాగుచేయువారిని, విడిభాగములు లెక్కచూచు గుమాస్తాలను తయారుచేయుట కష్టము. గంటకు నూటనలుబది మైళ్లు దాటని వాపిటి నెక్కిన తరమును, శబ్దవేగమునకు సమీపించు హంటర్ నెక్కు తరమును ఒకే సంస్థలో సర్దుకొని నడుపవలెను. ధనము పరిమితము, విదేశమారకము మఱింత పరిమితము. ప్రతి ప్రతిపాదనమును రక్షణశాఖలోను ఆర్థికశాఖలోను వివరించి ఒప్పింపవలెను. సచివాలయ వ్యవహారములలో ముఖర్జీకి గల ఓర్పును, స్పష్టతయు ఆయనకు మిక్కిలి ఉపకరించెను. గగనమున యుద్ధము చేయువానికి కాగితముపై యుద్ధమును అవసరమని ఆయన గ్రహించియుండెను.

సహచరులలో ఆయన శాంతస్వభావుడనియు, తనపేరు నలుగురిలో వినబడవలెనను కాంక్ష లేనివాడనియు ప్రసిద్ధి. కాల్బంతి ఆట ఆయనకు ప్రాణము. బెంగాలులో పుట్టినవారికి ఆ మక్కువ సహజమే గాని, ఆయన దానిని కేవలము వినోదముగ భావింపలేదు. బాలురు జట్టుగ ఆడుట నేర్చిననే జట్టుగ పనిచేయుట నేర్తురని ఆయన విశ్వాసము. పాఠశాలల విద్యార్థుల కొఱకు అఖిలభారత పోటీ యొకటి ఉండవలెనని ఆయన తలపోసెను. అట్టి పోటీ 1960లో ప్రారంభమై ఆయన పేరనే సుబ్రతో కప్పు అని పిలువబడుచు, నేటికిని ఢిల్లీలో జరుగుచున్నది.

1960 నవంబరులో ఎయిర్ ఇండియావారి ప్రారంభయాత్రలో ఆయన జపాను దేశమున కేగెను. నవంబరు 8వ తేదీన టోకియోలో ఒక భోజనశాలయందు నౌకాదళ మిత్రునితో భోజనము చేయుచుండగా, ఆహారపుముక్క యొకటి గొంతున అడ్డుపడి శ్వాస ఆగిపోయెను. వైద్యుడు వచ్చులోపలనే ప్రాణము పోయెను. వజీరిస్థాన్ కొండలలో తూటాల నడుమను, కప్పులేని విమానములలో తుపానుల నడుమను చెక్కుచెదరని దేహము ఒక ముద్ద అన్నమునకు లొంగిపోయెను. అప్పటి కాయన వయస్సు నలుబదితొమ్మిది. భౌతికకాయమును ఢిల్లీకి తెచ్చి సమస్త సైనికలాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి. ఆయన జీవించిన ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్కటిగ 49 విమానములు ఆకాశమున వరుసగ సాగి వీడ్కోలు చెప్పెను. నాలుగు విమానములతో మొదలైన జీవితమునకు అంతకంటె అర్థవంతమైన నివాళి యుండదు. ఆయన పదవిని చిరమిత్రుడు ఆస్పీ ఇంజనీరు స్వీకరించెను.

వైధవ్యదుఃఖమును దిగమ్రింగుకొని శారదాముఖర్జీ ప్రజాసేవలో ప్రవేశించెను. 1962లోను 1967లోను రత్నగిరి నియోజకవర్గమునుండి ఆమె లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1977 మే నెలలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగ వచ్చి మరుసటి సంవత్సరము ఆగస్టువఱకు హైదరాబాదు రాజభవనమున నివసించెను. ఆమె గవర్నరుగ నున్న కాలముననే 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచివేసెను. తెలుగుదేశమునకు అతిదారుణమైన ఆ సంవత్సరమున రాష్ట్రమునకు అధినేత్రిగ నున్న ఆమె, తొలి భారతీయ వైమానికాధిపతి సహధర్మచారిణి యను సంగతి తెలుగువారిలో చాలమందికి గుర్తుండదు. తదనంతరము ఆమె గుజరాత్ గవర్నరుగ పనిచేసెను. హైదరాబాదునకు చేరువనున్న దుండిగల్ గ్రామమున 1971లో ప్రారంభమైన వైమానికదళ అకాడమీలో ప్రతి సంవత్సరము యువతీయువకులు అధికారులుగ పట్టము గట్టుకొనుచున్నారు. 1930లో ఆరుగురు యువకులు ఏ విద్యకొఱకు సముద్రములు దాటి క్రాన్‌వెల్ చేరవలసివచ్చెనో, ఆ విద్య నేడు తెలుగునేలపైననే లభించుచున్నది.

ఢిల్లీలో దళపు కార్యాలయము లుండు ప్రాంతమునకు సుబ్రతో పార్కు అని పేరిడిరి. పేర్లు నిలుచుట మంచిదే. అంతకుమించి, ఒక సంస్థను ఆరంభదశలో నిలిపినవాని ఓర్పు నిలుచుట ముఖ్యము. మిత్రులు మరణించినప్పుడును, మార్గము సందేహాస్పదమైనప్పుడును, పదవి ఆలస్యమైనప్పుడును ముఖర్జీ తన కొలువును వీడలేదు. దళమే తనకంటె గొప్పదని ఎంచి నడచెను. భారత వైమానికదళ చరిత్రలో ఆయనకంటె సాహసులు, ఆయనకంటె ప్రసిద్ధులు కలరు. వారందఱు ఎగురుటకు ఆకాశమున చోటు సంపాదించి పెట్టినవారిలో మాత్రము మొదటి పేరు సుబ్రతో ముఖర్జీదే.